రెండో నంబరు దగ్గర ఆగిపోయిన పాటలు

నా దగ్గర నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి ఉంది. ద హూ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ సింగిల్స్ (రెండు వైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డులు), ఆల్బమ్‌లు విడుదలైన వరసలో అందులో రాసుకున్నాను. పాట పేరు, సంవత్సరం, వెనక వైపు ఏముంది, బ్రిటన్ అమ్మకాల చార్ట్‌లో ఎంతదాకా ఎక్కింది, అమెరికాలో ఎంతదాకా ఎక్కింది. బ్రిటన్ గడిలో పైనుంచి వేలు పెట్టుకుని చదువుతూ వస్తే 8, 10, 2, 5, 2, 3, 4 అని సాగుతుంది. పాత కంపెనీ పోటీగా వదిలిన రికార్డుల్ని ఇందులో కలపలేదు, వాటి సంగతి తర్వాత చెప్తాను. సింగిల్స్ పేజీలు ఎన్నిసార్లు తిరగేసినా ఒకటి అనే అంకె మాత్రం కనపడదు. బీటిల్స్‌కి, రోలింగ్ స్టోన్స్‌కి, కింక్స్‌కి ఉన్న నంబర్ వన్ సింగిల్ ద హూకి లేదు. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

ఈ పిచ్చి నాకు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పట్టుకుంది. 2012లో యూనివర్సిటీలో మాస్టర్స్ చేయడానికి వచ్చాను. మధ్యాహ్నం తిండి రిఫెక్టరీలోనే. పెద్ద హాలు, పొడవాటి బల్లలు, ట్రేలు పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం వెతుక్కునే పిల్లలు. ఆ భవనానికి నీలం రంగు ఫలకం ఒకటి ఉంది. చాలా నెలలు దాని పక్కనుంచే నడిచి వెళ్ళాను. వాన పడుతున్న ఒక రోజు గొడుగు లేక అక్కడే నిలబడిపోయి చదివాను. 1970 ఫిబ్రవరి 14న ద హూ ఈ హాల్లోనే వాయించారు, ఆ రాత్రి రికార్డ్ చేసిందే 'లైవ్ ఎట్ లీడ్స్' అని ఉంది. నేను రోజూ బంగాళాదుంపలు తినే హాలు! లోపలికి వెళ్ళి స్టేజీ ఎక్కడ వేసి ఉంటారా అని చాలాసేపు చూశాను. ఆ సాయంత్రమే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఆల్బమ్ మొత్తం విన్నాను. అప్పట్నుంచి వదల్లేదు.

వరసగా చెప్పాలంటే 1964 జులై నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి వాళ్ళ పేరు ద హూ కాదు, హై నంబర్స్. పీట్ మీడెన్ అనే మేనేజరు మాడ్ కుర్రాళ్ళ (సోకుగా తయారయ్యే అప్పటి కుర్రకారు) కోసం ఆ పేరు పెట్టి, 'జూట్ సూట్', 'ఐయామ్ ద ఫేస్' అనే రెండు పాటలతో ఫాంటానా లేబుల్ మీద సింగిల్ వేయించాడు. అది చార్ట్ ముఖమే చూడలేదు. ఆ తర్వాత కిట్ లాంబర్ట్, క్రిస్ స్టాంప్ మేనేజర్లుగా వచ్చారు, ద హూ అనే పాత పేరు తిరిగొచ్చింది, 1965 మొదట్లో 'ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్' 8వ స్థానం దాకా వెళ్ళింది. దాని వెంట 'ఎనీవే, ఎనీహౌ, ఎనీవేర్' 10.

ఇక 'మై జనరేషన్'. ఈ పాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1965 అక్టోబర్‌లో లండన్ పోర్ట్‌లండ్ ప్లేస్‌లోని ఐబీసీ స్టూడియోలో, షెల్ టాల్మీ ప్రొడ్యూసర్‌గా రికార్డ్ చేశారు. రోజర్ డాల్ట్రీ నత్తి నత్తిగా పాడతాడు. నత్తి ఉన్నవాళ్ళు నొచ్చుకుంటారని బీబీసీ మొదట్లో ఆ పాట వేయలేదు. కానీ నేను వినమనేది పాట మధ్యలో వచ్చే బేస్ గిటార్‌ని. ఆ రోజుల్లో సోలో అంటే లీడ్ గిటార్‌దే. బేస్ వాయించేవాడు వెనక నిలబడి తన పని తాను చేసుకుపోవాలి. ఇక్కడ పీట్ టౌన్‌షెండ్ గిటార్ రెండు దెబ్బలు కొట్టి తప్పుకుంటుంది, జాన్ ఎంట్విసిల్ బేస్ జవాబు చెప్తుంది. మళ్ళీ గిటార్, మళ్ళీ బేస్. ఎంట్విసిల్‌కి ఆ సోలో డానెలెక్ట్రో బేస్ మీద వాయించాలని ఉండేది, దాని సన్నటి తీగల మోత కోసం. ఆ తీగ తెగింది. విడి తీగలు అప్పుడు ఇంగ్లండ్‌లో దొరకవు, కాబట్టి ఇంకో బేస్ గిటారే కొన్నాడు. దాని తీగా తెగింది. ఇంకోటి కొన్నాడు. చివరికి ఫెండర్ తీసుకుని వాయించాడు. మనం వినేది ఆ ఫెండరే. వేళ్ళు తీగ మీదనుంచి లేచే చప్పుడు కూడా తెలుస్తుంది. పాట చివర్లో కీత్ మూన్ డ్రమ్స్ మీద పడి కొడుతుంటే టౌన్‌షెండ్ గిటార్ ఆంప్లిఫయర్‌లో నుంచి కూతలు పెడుతుంది. మూడు నిమిషాల పైచిలుకు పాట. అయిపోయాక గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంటుంది.

ఇంత పాటా రెండో స్థానంలో ఆగిపోయింది. పైన ఉన్నది సీకర్స్ పాడిన 'ద కార్నివాల్ ఈజ్ ఓవర్'. రష్యన్ జానపద బాణీకి కొత్త మాటలు కట్టిన నెమ్మది పాట, మంచి పాటే. నేను దాన్ని తక్కువ చేయను. 1965 చలికాలంలో రికార్డులు కొన్నది కుర్రకారు మాత్రమే కాదని ఆ అంకె చెప్తుంది. శనివారం బజారుకెళ్ళి సింగిల్ కొనుక్కొచ్చే అమ్మలూ అమ్మమ్మలూ కూడా ఆ లెక్కలో ఉన్నారు.

మరుసటి ఏడు 'ఐయామ్ ఎ బాయ్'కి ఇంకా విచిత్రం జరిగింది. పుట్టబోయే పిల్లలు ఆడో మగో తల్లిదండ్రులే ఎంచుకునే భవిష్యత్తు గురించి టౌన్‌షెండ్ ఒక పెద్ద కథ అనుకున్నాడు. అందులో ఈ ముక్క మిగిలింది. అబ్బాయిని అమ్మాయిలా పెంచుతున్న తల్లి కథ. 1966లో ఒక పాప్ పాటకు తీసుకోవలసిన విషయమేనా అది! అదీ 2. పైన ఉన్నది జిమ్ రీవ్స్ 'డిస్టంట్ డ్రమ్స్'. రీవ్స్ 1964 జులైలోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు. పోయి అప్పటికి రెండేళ్ళు దాటిన మనిషి గొంతు అయిదు వారాలు నంబర్ వన్‌లో ఉంది.

ఒక మాట చెప్పాలి. అరవైల్లో బ్రిటన్‌లో చార్ట్ అంటే ఒక్కటి కాదు. ఎన్‌ఎంఈ, మెలోడీ మేకర్ లాంటి పత్రికలు ఎవరి చార్ట్ వాళ్ళు వేసేవి. 1969 ఫిబ్రవరి నుంచి అందరూ ఒప్పుకున్న చార్ట్ ఒకటి మొదలైంది. అంతకు ముందరి ఏళ్ళకు రికార్డ్ రిటైలర్ పత్రిక లెక్కను ఇప్పుడు అధికారిక చరిత్రగా తీసుకుంటున్నారు. నా నోట్‌బుక్‌లో ఉన్నవీ ఆ అంకెలే.

పాత కంపెనీ సంగతి చెప్తానన్నాను కదా. టాల్మీతో తెగతెంపులు చేసుకుని 1966లో 'సబ్‌స్టిట్యూట్'ని రియాక్షన్ అనే కొత్త లేబుల్ మీద వేశారు. కొద్ది రోజులకే పాత లేబుల్ బ్రన్స్‌విక్ మొదటి ఆల్బమ్‌లోంచి 'ఎ లీగల్ మ్యాటర్' తీసి పోటీగా సింగిల్ వదిలింది. ఇటు 'సబ్‌స్టిట్యూట్' వెనక వైపు పాట మీద కోర్టు గొడవ వచ్చింది. అది తీసేసి గ్రాహం బాండ్ ఆర్గనైజేషన్ వాయించిన ఒక వాద్య సంగీతం పెట్టి, ద హూ ఆర్కెస్ట్రా అని పేరు రాశారు. అంటే ఆ సింగిల్ కొన్ని కాపీల్లో వెనక వైపు ద హూ వాళ్ళు అసలు లేనే లేరు! ఇన్ని చిక్కుల మధ్య అది 5వ స్థానం దాకా ఎక్కింది. నాకు వాళ్ళ సింగిల్స్ అన్నిట్లోకీ ఇష్టమైనది ఇదే.

'హ్యాపీ జాక్' 3, 'పిక్చర్స్ ఆఫ్ లిలీ' 4. 1967లో మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ మీద డ్రగ్స్ కేసులో జైలు శిక్ష పడితే, వాళ్ళకు తోడుగా నిలబడాలని స్టోన్స్ పాటలు రెండు గబగబా రికార్డ్ చేసి వదిలారు. ఎంట్విసిల్ అప్పుడు హనీమూన్‌లో ఉన్నాడు, బేస్ టౌన్‌షెండే వాయించాడు. అది 44. ఈ గడిలో అంకె చూసి ఎవరైనా దీన్ని ఫ్లాప్ అంటే నాకు కోపం వస్తుంది. స్నేహితుల కోసం వేసిన రికార్డును ఆ లెక్కలో ఎలా తూస్తారు?

అదే ఏడు వచ్చిన 'ఐ కెన్ సీ ఫర్ మైల్స్' టౌన్‌షెండ్ దాచిపెట్టుకున్న అస్త్రం. ఇది వేస్తే తిరుగులేదని నమ్మాడు. బ్రిటన్‌లో 10 దగ్గర ఆగింది. అమెరికాలో 9. అక్కడ టాప్ టెన్‌లోకి వెళ్ళిన సింగిల్ వాళ్ళకు అదొక్కటే. టౌన్‌షెండ్ మనసు విరిగిపోయింది. ఆ పాటలో గిటార్ ఒకే స్వరాన్ని పట్టుకుని వదలకుండా నిలబడే చోటు విన్నప్పుడల్లా ఆ మనిషి బాధ నాకు అర్థమవుతుంది.

ఆ పాట ఉన్న 'ద హూ సెల్ అవుట్' ఆల్బమ్ 13. నడి సముద్రంలో ఓడ మీదనుంచి పాటలు వేసిన రేడియో లండన్ జింగిల్స్ (స్టేషన్ పేరు చెప్పే చిన్న పాట ముక్కలు) పాటల మధ్య అతికించారు. కొత్త చట్టం వచ్చి ఆ స్టేషన్ 1967 ఆగస్టులో మూతపడింది. డిసెంబర్‌లో ఆల్బమ్ వచ్చేసరికి ఆ జింగిల్స్ చచ్చిపోయిన స్టేషన్ జ్ఞాపకాలయ్యాయి. అట్ట మీద డాల్ట్రీ చల్లటి బేక్డ్ బీన్స్ నిండిన తొట్టిలో కూర్చుని ఉంటాడు.

1968లో రెండు సింగిల్స్ 25, 26. సింగిల్స్‌తో పని కాదని టౌన్‌షెండ్‌కి అర్థమైంది అప్పుడే అనుకుంటాను. అంతకుముందు 1966లోనే తొమ్మిది నిమిషాల చిన్న ఒపేరా ఒకటి చేసి చూశాడు. చెల్లో వాయించేవాళ్ళను పిలిపించడానికి డబ్బుల్లేక, చెల్లో ఉండాల్సిన చోట 'చెల్లో చెల్లో' అని నోటితో పాడేశారు. ఆ ధైర్యమే 1969 మేలో 'టామీ' అనే డబుల్ ఆల్బమ్ అయింది. ఆల్బమ్ మీద మెహెర్ బాబా పేరు కూడా ఉంటుంది. టౌన్‌షెండ్ ఆయన భక్తుడు. బాబా ఆ ఏడు జనవరి 31న దేహం చాలించారు, నాలుగు నెలలకు ఆల్బమ్ వచ్చింది. 'పిన్‌బాల్ విజర్డ్' సింగిల్ 4. ఆల్బమ్ 2. మళ్ళీ రెండే.

ఇక్కడ ఒక ముచ్చట. ఆ జులైలోనే టౌన్‌షెండ్‌కి నంబర్ వన్ వచ్చింది, కానీ తన పేరు మీద కాదు. థండర్‌క్లాప్ న్యూమన్ అనే కొత్త బృందానికి 'సమ్‌థింగ్ ఇన్ ది ఎయిర్' ప్రొడ్యూస్ చేశాడు. బేస్ కూడా తనే వాయించి, బిజూ డ్రెయిన్స్ అని దొంగ పేరు వేసుకున్నాడు. మూడు వారాలు పైనే ఉంది. నోట్‌బుక్‌లో దీన్ని ఏ గడిలో రాయాలో తెలియక మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

లీడ్స్ ఆల్బమ్‌కి వస్తాను. అమెరికా టూర్ అంతా టేపుల మీద పట్టారు. అన్ని గంటల టేపులు కూర్చుని వినే ఓపిక లేక టౌన్‌షెండ్ వాటిని తగలబెట్టించాడు. లీడ్స్‌లో ఒక రాత్రి, మర్నాడు హల్ సిటీ హాల్లో ఒక రాత్రి రికార్డ్ చేద్దామన్నారు. హల్ టేపుల్లో కొన్ని పాటలకు బేస్ పడలేదు. అలా లీడ్స్ మిగిలింది. రెండు గంటలకు పైగా వాయించిన రాత్రిలోంచి ఎల్పీలో పెట్టింది ఆరు పాటలే. బ్రిటన్‌లో 3, అమెరికాలో 4.

పాత కాపీ ఒకటి సంపాదించాలని నాలుగేళ్ళు తిరిగాను. చివరికి ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో దొరికింది. ఖాకీ రంగు అట్ట, దాని మీద రబ్బరు స్టాంపు కొట్టినట్టు పేరు. దొంగ రికార్డులా కనపడాలని కావాలనే అలా చేశారు. లోపల 12 కాగితాలు ఉండాలి. మార్కీ క్లబ్ పోస్టరు, వుడ్‌స్టాక్ సంగీతోత్సవం కాంట్రాక్టు కాపీ, పొగబాంబులు కొన్న రసీదు, ఈఎంఐ రికార్డు కంపెనీ వాళ్ళు తిప్పి పంపిన ఉత్తరం, ఇలాంటివి. అన్నీ ఉన్నాయని చెప్పి అమ్మారు. ఇంటికొచ్చి బల్ల మీద పరిచి లెక్కపెడితే 7 ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టాను. అట్టలో చెయ్యి పెట్టి వెతికాను. ఏడే. అన్నిటికంటే ఎక్కువ చూడాలనుకున్న వుడ్‌స్టాక్ కాంట్రాక్టు లేదు. తిరిగి వెళ్ళి అడిగితే పాత సరుకు ఇంతే అన్నారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కానీ రికార్డు బయటికి తీశాక మధ్యలో ఉన్న లేబుల్ చూశాను. చేత్తో రాసిన అక్షరాలు. టేపులో వినపడే చిటపటలు అలాగే ఉండాలి, సరిచేయొద్దు అని ఫ్యాక్టరీవాళ్ళకు సూచన. సూది పెట్టాను. మొదట చిటపట. అది నా కాపీ అరిగిపోవడం వల్ల వచ్చిందా, ఆ రాత్రి హాల్లో వైర్ల వల్ల వచ్చిందా అని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. తర్వాత 'యంగ్ మ్యాన్ బ్లూస్' మొదలైంది. డాల్ట్రీ ఒక్కడే ఒక మాట పాడి ఆగుతాడు, మిగతా ముగ్గురూ ఒకేసారి మీద పడతారు, మళ్ళీ ఆగుతారు. ఆ ఆగిన చోట హాలు ఎంత పెద్దదో వినపడుతుంది. నేను తిన్న హాలు.

నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసిన 1 ఒకటుంది, ఆల్బమ్‌ల పేజీలో. 'హూస్ నెక్స్ట్', 1971. ఇది ఓటమి ముక్కలతో కట్టిన ఇల్లు. టౌన్‌షెండ్ 'లైఫ్‌హౌస్' అని ఒక పెద్ద కథ తలపెట్టాడు. సినిమా, ఆల్బమ్, ప్రేక్షకులతో కలిసి చేసే ప్రయోగం అన్నీ కలిపి ఒకటే. లండన్ యంగ్ విక్ థియేటర్‌లో ప్రయత్నించారు. ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. న్యూయార్క్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి వదిలేసి వచ్చారు. టౌన్‌షెండ్ ఆరోగ్యమే దెబ్బతింది. అప్పుడు ప్రొడ్యూసర్ గ్లిన్ జాన్స్ కథ సంగతి వదిలేయ్, పాటలు బాగున్నాయి, ఒక్క ఎల్పీకి సరిపడా తీసుకుందాం అని బార్న్స్‌లోని ఒలింపిక్ స్టూడియోలో కూర్చోబెట్టాడు.

మొదటి పాట 'బాబా ఓ'రైలీ'. బాబా అంటే మెహెర్ బాబా, రైలీ అంటే టెర్రీ రైలీ అనే అమెరికన్ సంగీతకారుడు. మొదట్లో వినపడే ఆ గిర్రున తిరిగే శబ్దం సింథసైజర్ అనుకుంటారు చాలామంది. అది లౌరీ ఆర్గన్, ఇళ్ళలో పెట్టుకునే రకం. దాంట్లో స్వరాన్ని దానంతటదే తిప్పి తిప్పి కొట్టే ఏర్పాటు ఉంటుంది. చివర్లో వచ్చే వయొలిన్ మూన్ ఆలోచన. ఇంత పేరున్న పాట అప్పుడు బ్రిటన్‌లో సింగిల్‌గా రానే లేదు. చార్ట్ పుస్తకం ఒక్కటే పట్టుకుని చదివేవాడికి ఈ పాట ఉన్నట్టే తెలియదు. సింగిల్‌గా వచ్చిన 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్' ఎనిమిదిన్నర నిమిషాల పాట. దాన్ని కోసి మూడున్నర నిమిషాలు చేశారు, 9 దాకా వెళ్ళింది. ఆ కోసిన ముక్క విన్నవాళ్ళు అసలుది ఒకసారి వినండి. ఆర్గన్ ఒక్కటే మిగిలి, నిశ్శబ్దంలో తిరుగుతూ తిరుగుతూ, డ్రమ్స్ తలుపులు బాదినట్టు వచ్చి, డాల్ట్రీ అరిచే అరుపు. అంతసేపు ఎదురుచూస్తేనే ఆ అరుపుకు అర్థం.

1971 సెప్టెంబర్ 18న ఆల్బమ్ నంబర్ వన్. ఒక్క వారం. తర్వాతి వారం డీప్ పర్పుల్ 'ఫైర్‌బాల్' వచ్చి కూర్చుంది.

1973లో 'క్వాడ్రోఫీనియా'. ఇది నాకు 'టామీ' కంటే ఎక్కువ. బ్రైటన్ సముద్రం, వాన, 1964 నాటి మాడ్ కుర్రాడు జిమ్మీ ఒంటరితనం. బ్రిటన్‌లో 2, అమెరికాలోనూ 2. అమెరికాలో పైన ఎల్టన్ జాన్ ఉన్నాడు. బ్రిటన్‌లో పైన ఉన్నది డేవిడ్ బౌవీ 'పిన్ అప్స్'. బౌవీ తను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇష్టపడిన అరవైల పాటలన్నీ మళ్ళీ పాడిన ఆల్బమ్ అది. అందులో రెండు పాటలు ద హూవే! 'ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్' కూడా ఉంది. వాళ్ళ కొత్త ఆల్బమ్‌ని కింద ఉంచిన రికార్డులో వాళ్ళ మొదటి హిట్టే ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నోట్‌బుక్ మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

'హూ ఆర్ యూ' 1978 ఆగస్టులో వచ్చింది. అట్ట మీద మూన్ కూర్చున్న కుర్చీ వెనక 'తీసుకుపోరాదు' అని రాసి ఉంటుంది. సెప్టెంబర్ 7న మూన్ చనిపోయాడు. బ్రిటన్‌లో 6, అమెరికాలో 2. ఈ వరస రాసేటప్పుడు అంకెల మీద మనసు పోలేదు.

తర్వాతవి త్వరగా చెప్పేస్తాను. కెన్నీ జోన్స్ డ్రమ్స్‌తో 'ఫేస్ డాన్సెస్' 1981లో 2, 'ఇట్స్ హార్డ్' మరుసటి ఏడు 11. రెండిట్లోనూ మంచి పాటలున్నాయి, కానీ డ్రమ్స్ బాదుతున్నప్పుడు కాలు జారి పడిపోతారేమో అనే ఆ పాత భయం లేదు. 2002లో ఎంట్విసిల్ పోయాడు. 24 ఏళ్ళ తర్వాత 2006లో 'ఎండ్‌లెస్ వైర్', 9. అదే ఏడు వాళ్ళు మళ్ళీ ఈ రిఫెక్టరీకి వచ్చి వాయించారు, ఆ నీలం ఫలకం పెట్టింది కూడా అప్పుడే. నేను ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చాను.

2019 డిసెంబర్‌లో మాత్రం ఆలస్యం కాలేదు. డాల్ట్రీకి 75, టౌన్‌షెండ్‌కి 74. 'హూ' అనే పేరుతో కొత్త ఆల్బమ్. విడుదలైన రోజే కొని, ఆఫీసు నుంచి బస్సులో వస్తూ వస్తూ అట్ట విప్పేశాను. చార్ట్ వచ్చిన రాత్రి నోట్‌బుక్ తీసి బ్రిటన్ గడిలో 3 వేశాను. అమెరికా గడిలో వేసింది 2. పేజీ కింద ఇంకా నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి.